పదకొండో పేజీ

మా వృత్తిలో ఒక సరదా ఆచారం ఉంది. ఏదైనా కంపెనీ కథని క్లాసులో చర్చకు పెట్టినప్పుడు, వీలైతే ఆ కథలోని అసలు మనిషిని పిలిపించి, చివరి వరసలో ఎవరో అతిథి అన్నట్టు కూర్చోబెడతాం. పిల్లలకి చెప్పం. వాళ్లు గంటంబావు సేపు ఆయన తెలివితక్కువతనం మీద గొంతు చించుకుంటారు. అంతా అయ్యాక ప్రొఫెసరు నవ్వుతూ, "ఆ మేనేజరు ఇక్కడే ఉన్నారు, వెనక్కి తిరిగి చూడండి" అంటాడు. పిల్లలు నాలుక కరుచుకుంటారు, చప్పట్లు కొడతారు, ఆ మనిషి ముందుకొచ్చి అసలు జరిగిందేమిటో చెప్తాడు. ఇది నేను చాలాసార్లు చూశాను. నా క్లాసులో జరిగింది మాత్రం ఒక్కసారే. దాని గురించి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. మా ఆయనకి తెలుసు, కానీ ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నేను పాఠం చెప్పింది అంతర్జాతీయ వ్యాపార వ్యూహం. పేరు అంత బరువుగా ఉంటుంది గానీ, ఒక దేశం కంపెనీ ఇంకో దేశంలో ఎలా బతకాలి అన్నదే అందులో సంగతి. మా అత్తగారు అడిగినప్పుడు, "కాపురానికి వెళ్లిన చోట కంపెనీ ఎలా సర్దుకోవాలో చెప్తానండీ" అన్నాను. ఆవిడ, "దానికి జీతం కూడా ఇస్తారా?" అన్నారు.

1977లో ఒహాయోలో ఒక మాదిరి యూనివర్సిటీలో చేరాను. మా డిపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడ సెక్రటరీ. మీటింగుల్లో కాఫీ అయిపోతే అందరూ మా ఇద్దరి వైపూ చూసేవాళ్లు. చేరిన ఆరేళ్లలో టెన్యూర్ వస్తే ఉద్యోగం జీవితాంతం ఉంటుంది, రాకపోతే పెట్టె సర్దుకోవడమే. ఇంకో ఊళ్లో ఇంకో యూనివర్సిటీ దొరికినా, అప్పటికే అక్కడ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కుదురుకున్న మా ఆయన కూడా పెట్టె సర్దుకోవాలి. ఇవన్నీ చెప్పుకుంటే నా మీద జాలి కలుగుతుందని తెలుసు. అందుకే ముందే చెప్పేసి పక్కన పెడుతున్నాను.

మా హెడ్ పెద్దాయన, పైపు కాలుస్తూ ఎవరినీ నొప్పించకుండా మాట్లాడేవాడు. మూడో ఏట నన్ను పిలిచి, "మా ఎవరి దగ్గరా లేనిది నీ దగ్గర ఒకటుంది, దాన్ని వాడుకో" అన్నాడు. నా బుర్ర గురించి అనుకుని లోపల పొంగిపోయాను. ఆయన అన్నది నేను పుట్టిన దేశం గురించి.

మా ఊరికి గంట దూరంలో ప్రెషర్ గేజీలు చేసే కంపెనీ ఉండేది. బాయిలర్ల మీద, పైపుల మీద గుండ్రంగా గడియారంలా ఉండి ముల్లుతో ఆవిరి ఒత్తిడి చూపిస్తాయే, అవి. ఆ కంపెనీకి హైదరాబాద్‌లో ఒక స్థానిక భాగస్వామితో కలిసి చిన్న ఫ్యాక్టరీ ఉంది. కీలకమైన విడి భాగాలు ఇక్కణ్ణించి వెళ్తే అక్కడ బిగించి అమ్ముతారు. 1979లో అక్కడి మేనేజరు, హెడ్డాఫీసుని మాటమాత్రం అడగకుండా, బిగింపు లైను పంతొమ్మిది రోజులు ఆపేశాడు. ఇక్కడివాళ్లకి ఒళ్లు మండిపోయింది. ఆయన్ని ఉంచాలా, తీసేయాలా తేల్చుకోలేకపోతున్నారు. మా హెడ్‌కి ఆ కంపెనీ వైస్ ప్రెసిడెంటు స్నేహితుడు. "దీన్ని కేసుగా రాయి" అన్నాడు. కేసు అంటే కోర్టు కేసు కాదు. ఒక కంపెనీకి వచ్చిన చిక్కుని పదిహేను, ఇరవై పేజీల్లో కథలా రాసి, నిర్ణయం దగ్గర ఆపేస్తాం. నువ్వైతే ఏం చేస్తావని పిల్లల్ని అడుగుతాం. మంచి కేసు పుస్తకంలోకి ఎక్కితే ఊరూరా క్లాసుల్లో చెప్తారు, రాసినవాళ్ల పేరు నిలబడుతుంది.

1980 జూలైలో హైదరాబాద్ వెళ్లి ఆ ఫ్యాక్టరీలో మూడు రోజులు కూర్చున్నాను.

మేనేజరు గారికి యాభై దాటాయి. సన్నగా, తెల్ల పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు. నా టేప్ రికార్డర్ బల్ల మీద తిరుగుతున్నంత సేపూ ఆయన ఇంగ్లీషులో టెలిగ్రాం ఇచ్చినట్టు మాట్లాడారు. "ప్రొడక్షన్ స్టాప్డ్. రీజన్స్ టెక్నికల్. నౌ నార్మల్." ఒకటిన్నర రోజు ఇదే వరస. రెండో రోజు భోజనాలయ్యాక ఆయనే టేప్ రికార్డర్ వైపు చెయ్యి చూపించి, "జెర ఆ మిషిన్ బంద్ చెయ్యి బిడ్డా. తెలుగుల మాట్లాడుకుందాం" అన్నారు.

నాది కృష్ణా జిల్లా. ఆయన మాట వినగానే లోపల చిన్నగా నవ్వుకున్నాను. మా వైపు వాళ్లకి ఆ జబ్బుంది. అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి రాస్తున్నాను.

ఆయన నన్ను పరీక్షలు చేసే గదిలోకి తీసుకెళ్లారు. ఒకే గొట్టానికి పక్కపక్కన రెండు గేజీలు బిగించి ఉన్నాయి. ఒక చక్రం చూపించి తిప్పమన్నారు. తిప్పాను. ఎడమ ముల్లు పది దగ్గర ఆగింది, కుడి ముల్లు ఎనిమిది దాటలేదు. ఇంకా తిప్పమన్నారు. ఎడమది పదిహేనుకి వెళ్లింది, కుడిది పన్నెండు దగ్గర తచ్చాడింది.

"రెండిట్ల ఒకటే ఒత్తిడి ఉన్నది. ఏది నమ్ముతవ్?" అని అడిగారు.

గేజీ లోపల కొడవలిలా వంచిన సన్నటి గొట్టం ఉంటుంది. ఒత్తిడికి అది సాగితే ముల్లు తిరుగుతుంది. అమెరికా నుంచి వచ్చిన ఒక విడత గొట్టాల్లో లోహం సరిగ్గా లేదు. కొన్ని వారాలు వాడాక అవి బిగుసుకుపోయి, సరిగ్గా సాగక, ఉన్న ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తున్నాయి.

"బాయిలర్ కాడ నిలబడేటోనికి ఈ ముల్లే దిక్కు. పన్నెండే కదా అని వాడు ఇంక బొగ్గు ఏస్తడు. లోపల పదిహేనుంటది" అన్నారాయన. గొంతు పెంచలేదు. "మూడు ఉత్తరాలు రాసిన. రెండు టెలెక్సులు కొట్టిన. ఒక్కదానికి జవాబు రాలే. ఇంక నేనే లైన్ బంద్ చేసిన. పాత స్టాకంతా ఒక్కొక్కటి ఇప్పి చూసినం. పంతొమ్మిది దినాలు పట్టింది." తర్వాత కొంచెం నవ్వి, "గా దినాలల్లనే దసరా వచ్చింది. పండుగకు ఆపినం అనుకుంటున్నరంట ఆడ" అన్నారు.

సొరుగులోంచి ఆ ఉత్తరాల, టెలెక్సుల కార్బన్ కాపీలు తీసి నా చేతిలో పెట్టారు. "నా పేరు అక్కర్లేదు. ఈ ముచ్చట మాత్రం రాయి బిడ్డా. మావోళ్లు నా మాట ఇనలే. నువ్వు రాస్తే చదువుతరు."

"తప్పకుండా రాస్తానండీ" అన్నాను. నిజంగానే అన్నాను. ఆ రోజు నా మాటలో కల్తీ లేదు.

తిరిగొచ్చి పద్దెనిమిది పేజీలు రాశాను. గొట్టాల సంగతి, ఉత్తరాల సంగతి పదకొండో పేజీలో వచ్చింది. కేసుకి ప్రాణం ఆ పేజీయే. తన మాట ఎవరూ వినని చోట ఒక మనిషి ఏం చేయాలి అన్నదే అందులో ప్రశ్న. రాసిందాన్ని కంపెనీకి పంపాను. ఎందుకంటే మా దగ్గర ఇంకో కట్టుబాటుంది. కంపెనీవాళ్లు చదివి, సరే అని ఒక పత్రం మీద సంతకం పెడితే తప్ప కేసు అచ్చుకి వెళ్లదు.

వైస్ ప్రెసిడెంటు నన్ను భోజనానికి పిలిచాడు. నేను మాంసం తిననని ముందే కనుక్కుని చీజ్ శాండ్విచ్ చెప్పి ఉంచాడు. చాలా మర్యాదస్తుడు. కేసు అద్భుతంగా ఉందన్నాడు. పదకొండో పేజీ తీసి చూపించాడు. దాని పక్కన పెన్సిలుతో నిలువుగా ఒక గీత, ఒక ప్రశ్నార్థకం.

"ఇది ఇంజనీరింగ్ వివరం. మీ పిల్లలు చదివేది వ్యూహం కదా. ఇది వాళ్ల దృష్టి మళ్లిస్తుందేమో" అన్నాడు.

తియ్యమని అనలేదు. సంతకం పెట్టాల్సిన పత్రం అతని ఫోల్డర్లోనే ఉంది, ఖాళీగా. దాన్ని నాకు కనపడేట్టు ఒకసారి తీసి, మళ్లీ లోపల పెట్టాడు.

మూడు రోజులు నిద్ర లేకుండా ఆలోచించానని రాసుకుంటే నాకు బాగుండేది. నిజానికి కారు వాళ్ల పార్కింగ్ లాట్ దాటకముందే తేల్చేసుకున్నాను. ఇంటికి వెళ్లి ఆ పేజీ తీసేశాను.

అక్కడితో ఆగి ఉంటే, ఒత్తిడికి లొంగిన సాదా పిరికిదాన్ని అయ్యేదాన్ని. కానీ పేజీ తీసేశాక కథలో ఒక కంత మిగిలింది. ఆ మనిషి లైను ఎందుకు ఆపాడు? పిల్లలు అడుగుతారు కదా. ఆ కంత పూడ్చడానికి నేను ఒక పారాగ్రాఫ్ రాశాను. పెద్దల మాటకి ఎదురు చెప్పడం అలవాటు లేని సమాజాల్లో, కింది మేనేజర్లు తమ అసమ్మతిని నోటితో చెప్పరనీ, పని ఆపడం ద్వారానో మౌనం ద్వారానో తెలియజేస్తారనీ రాశాను. లైను ఆగిన కాలం ఒక ముఖ్యమైన పండుగతో కలిసి వచ్చిందని కూడా రాశాను. అందులో ఒక్క వాక్యం కూడా విడిగా చూస్తే అబద్ధం కాదు. దసరా నిజంగానే వచ్చింది. మూడు ఉత్తరాలు, రెండు టెలెక్సులు పంపిన మనిషి గురించి నోరు విప్పడని రాశాను. అవి నా సొరుగులో ఉండగానే రాశాను.

ఆ పారాగ్రాఫ్ ఎవరూ అడగలేదు. కంపెనీ అడగలేదు, మా హెడ్ అడగలేదు. ఇరవై నిమిషాల్లో, ఒక్క కొట్టివేత లేకుండా వచ్చింది. హెడ్ చదివి, ఆ చోట వేలు పెట్టి, "ఇది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేరు" అన్నాడు. ఆ రోజుల్లో మా రంగంలో అందరికీ సంస్కృతి మీద మోజు. జపాన్ వాళ్లు అలా ఎందుకు చేస్తారు, అరబ్బులు ఇలా ఎందుకు చేస్తారు అని పుస్తకాలకి పుస్తకాలు వస్తున్నాయి. ఇండియా గురించి చెప్పడానికి నేను దొరికాను. చీర కట్టుకున్న మనిషి చెప్తే ఇంక తిరుగేముంది.

సంతకం వచ్చింది. కేసు ఒక పెద్ద సంకలనంలో అచ్చయింది. వేరే రాష్ట్రాల నుంచి ప్రొఫెసర్లు ఉత్తరాలు రాశారు, తమ క్లాసులో బాగా పండిందని. 1983లో నాకు టెన్యూర్ వచ్చింది. సెక్రటరీ కేకు తెప్పించింది. దాని మీద గ్లోబు బొమ్మ.

నా క్లాసులో ఆ కేసు చర్చ చివర ఓటింగ్ పెట్టేదాన్ని. బోర్డు మీద మూడు గళ్లు: ఉంచాలి, ట్రైనింగ్ ఇవ్వాలి, తీసేయాలి. ప్రతిసారీ మూడో గడే గెలిచేది. పాఠం చెప్పేవాళ్ల కోసం నేను రాసిన గైడులో కూడా అదే సరైన జవాబు. మేనేజరు మౌనం గురించి ఎవరో ఒకరు చమత్కారం విసిరితే క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. క్లాసు వేడిగా ఉండాలంటే ప్రొఫెసరు నవ్వాలి.

మేనేజరు గారు ఏటా కొత్త సంవత్సరానికి గ్రీటింగ్ కార్డు పంపేవారు. అడుగున తెలుగులో గుండ్రటి అక్షరాలతో "మన కేసు అచ్చయినదా?" అని ఉండేది. "ప్రింటింగ్‌లో ఉందండీ" అని రాశాను. మరుసటి ఏడూ అదే రాశాను. మూడో ఏడు జవాబు రాయలేదు.

1985 అక్టోబర్లో ఆఫీసుకి ఫోనొచ్చింది. జెర్సీ సిటీ నుంచి. అక్కడ ఆయన పెద్దమ్మాయి నర్సుగా పని చేస్తోంది. ఆయన రిటైరయ్యారట, రెండు నెలలు ఉండడానికి వచ్చారట.

"నా మీద పాఠం చెప్తున్నవంట కద బిడ్డా. మా బిడ్డకు తెలిసిన పిల్లగాడు ఎవలో కాలేజీల చదివిండంట, గేజీల కంపెనీ, హైదరాబాదు అని చెప్పిండు. ఒకసారి నీ క్లాసు చూస్త" అన్నారు. ఆ గొంతులో సంబరం తప్ప ఇంకేం లేదు. కేసు ఉందని తెలుసు గానీ అందులో ఏముందో ఆయనకి తెలియదు.

నేను తెలుగులో మాట్లాడుతుంటే మా హెడ్ తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు. ఫోను పెట్టాక ఎవరని అడిగాడు. ఎవరో చుట్టాలు అనేస్తే సరిపోయేది. కానీ నిజం చెప్పాను. అబద్ధాలు ఎక్కడ ఆడాలో కూడా నాకు తెలియలేదు. ఆయన మొహం వెలిగిపోయింది. "ఇంకేం, గురువారం క్లాసుకి రప్పించు. నేనూ వస్తాను, చివర్లో పరిచయం చేద్దాం" అన్నాడు.

తిరిగి ఫోన్ చేసి చెప్పాను. ఆయన ఒక్కటే అడిగారు. "ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ ఉంటదా?"

ఆయన రాత్రంతా బస్సులో కూర్చుని బుధవారం పొద్దున దిగారు. సూటు, మెడకి ఉన్ని మఫ్లరు, చంకలో ఖాకీ కవరు. ఇంటికి తీసుకొచ్చాను. ఉప్మా తింటూ కవరు తెరిచి చూపించారు. ప్రొజెక్టర్ మీద పెట్టే ప్లాస్టిక్ షీట్లు మూడు. కూతురి ఆసుపత్రి ఆఫీసులో ఎవరో చేయించి ఇచ్చారట. ఒకదాని మీద గొట్టం బొమ్మ, ఒకదాని మీద రెండు గేజీల అంకెల పట్టిక, మూడోదాని మీద ఆయన రాసిన మూడు ఉత్తరాల తేదీలు. "పిల్లలు అడిగితే తడబడొద్దు కద. బస్సుల కూసోని ఇంగ్లీషుల అంత చెప్పి చూసుకున్న" అన్నారు.

మధ్యాహ్నం, "ఒక కాపీ ఇయ్యి బిడ్డా, చదువుకుంట" అని అడిగారు.

"ఆఫీసులో ఉన్నాయండీ, రేపు క్లాసులో చూద్దురు గాని" అన్నాను. కాపీలు కుర్చీ మీద నా బ్యాగులో ఉన్నాయి. మా ఆయన బ్యాగు వైపు చూశాడు, తర్వాత టీవీ వైపు తిరిగాడు.

చెప్పడానికి ఒక పూర్తి రోజుంది. ఇద్దరం బజారుకి వెళ్లాం, పార్కులో నడిచాం. ఆయన చెట్ల ఆకుల రంగులు చూసి మురిసిపోయారు. రెండు మూడుసార్లు గొంతు సవరించుకున్నాను కూడా. సవరించుకుని, చలి గురించి మాట్లాడాను.

గురువారం పది గంటలకి క్లాసు. గుర్రపు నాడాలా వంగి మెట్లు మెట్లుగా ఉండే గది. ఆయన పై వరసలో కూర్చున్నారు, ఒళ్లో కవరు. పక్కన మా హెడ్. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలు. నేను తలుపు దగ్గరే ఉన్న ప్రొజెక్టర్ని చూసి, దాని వైర్ చుట్టి పక్కకి జరిపాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. బహుశా తెలుసు.

చర్చ మొదలైంది. మా హెడ్ తన కాపీ ఆయనకిచ్చాడు. నేను ప్రశ్నలు వేస్తున్నాను, బోర్డు మీద రాస్తున్నాను, కానీ చూపంతా పై వరస మీదే. ఆయన కళ్లజోడు పెట్టుకుని, వేలు తడి చేసుకుని ఒక్కో పేజీ తిప్పుతున్నారు. పదో పేజీ దాకా ఒకే వేగం. పదకొండో పేజీ దగ్గర ఆగారు. చదివారు. వెనక్కి తిప్పి పదో పేజీ చూశారు, ఏదైనా పేజీ అంటుకుపోయిందేమో అన్నట్టు అంచు వేలితో రుద్ది చూశారు. మళ్లీ పదకొండుకి వచ్చారు. ఈసారి చాలా సేపు చదివారు. తర్వాత కాపీ మూసి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

ఆయనకి పది అడుగుల దూరంలో ఒక కుర్రాడు, "ఇలాంటి మనిషితో ఉన్న ఇబ్బంది ఏంటంటే, ఏమైందో నోరు తెరిచి చెప్పడు" అన్నాడు. నవ్వులు. ఆ రోజు నేను నవ్వలేదు. నవ్వలేదని గొప్ప చెప్పుకోవడానికి లేదు.

ఓటింగ్ అయింది. మూడో గడిలో ముప్ఫై ఒకటి వేశాను.

పరిచయం చేయాల్సింది నేను. చేయలేదు. పుస్తకాలు సర్దుకోవడం మొదలుపెట్టాను. మా హెడ్ నేను మర్చిపోయాననుకుని, తనే లేచి, చేయి చాపి, "ఇంకో మాట. ఈ కేసులోని మేనేజరు గారు మనతోనే ఉన్నారు" అన్నాడు. పిల్లలు తిరిగి చూశారు. కొందరి మొహాలు ఎర్రబడ్డాయి. చప్పట్లు. ఆయన మెల్లగా మెట్లు దిగి వచ్చారు. కవరు పైనే, కుర్చీ మీదే ఉండిపోయింది.

ముందు వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. ఆ అమ్మాయి వాళ్ల నాన్నకి యంత్రాల భాగాలు చేసే మెషిన్ షాపు ఉండేది. మిగతావాళ్లలా మాటకారి కాదు. "సార్, మా నాన్న షాపులో లైను ఊరికే ఎవరూ ఆపరు. మీరెందుకు ఆపారు?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశారు. కోపంగా కాదు. నేను ఏదైనా చెప్తానేమో అన్నట్టు, నాకు దారి ఇస్తున్నట్టు చూశారు. నాకెదురుగా గోడ మీద గడియారం ఉంది. క్లాసు ముగియడానికి ఇంకా ఆరు నిమిషాలుంది. ఆరు నిమిషాల్లో చెప్పేయొచ్చు. పదకొండో పేజీ చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. నేల చూపులు చూశాను.

ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి ఇంగ్లీషులో, "ఫెస్టివల్ టైమ్. మేడమ్ హాజ్ రిటెన్ కరెక్ట్‌లీ" అన్నారు.

అంతే. ఇంకెవరో ఏదో అడిగారు, ఆయన నవ్వి, మీరంతా మంచి మేనేజర్లు అవుతారు అన్నారు. మళ్లీ చప్పట్లు. మెషిన్ షాపు అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. ఆయన్ని కాదు, నన్ను చూస్తోంది. "వచ్చే మంగళవారం తొమ్మిదో చాప్టర్" అన్నాను నేను.

మెట్లెక్కి కవరు తీసుకొచ్చింది ఆయనే.

బస్ స్టేషన్‌కి కార్లో తీసుకెళ్లాను. సగం దారిలో ఆయన, "నీ పిల్లలు మంచిగ మాట్లాడుతున్నరు. భయం లేదు వాళ్లకు" అన్నారు. నేను ఊఁ అన్నాను. ఇంకో రెండు సిగ్నళ్లు దాటాక, కిటికీలోంచి చూస్తూనే అడిగారు.

"ఆ కాగితాలు పోయినయా బిడ్డా?"

అది ప్రశ్న కాదు. నేను నిలబడడానికి ఆయన వేసిన పీట. పోయాయంటే ఆయన నమ్మినట్టు ఉంటారు, పరువు దక్కుతుంది. పోలేదంటే, అక్కడే కారాపి, జరిగింది చెప్పి, కాళ్ల మీద పడొచ్చు. క్లాసులో ఆరు నిమిషాలిచ్చారు, ఇప్పుడు మళ్లీ ఇస్తున్నారు. కంపెనీ లేదు, హెడ్ లేడు, టెన్యూర్ ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు నిజం చెప్తే నాకు పోయేదేమీ లేదు.

"పోయాయండీ. ఇల్లు మారినప్పుడు" అన్నాను.

ఆయన తలూపారు. "పోతే ఏమాయె. నా కాడ ఇంకో సెట్ ఉన్నది. ఇంటికి పోయినంక పంపిస్త" అన్నారు. చివర, "మేడమ్" అన్నారు.

బస్సెక్కేటప్పుడు నమస్కారం పెట్టారు. అంతకు ముందు రోజు దిగినప్పుడు నా తల మీద చెయ్యి పెట్టిన మనిషి.

ఆ ఆరు నిమిషాల్లో ఆయన నన్నెందుకు కాపాడారో ఇప్పటికీ నాకు తెలియదు. జాలి పడ్డారా? అసహ్యమా? ఊరు కాని ఊళ్లో మన పిల్ల పరువు తీయకూడదనుకున్నారా? ఏదైనా ఒకటే. బాయిలర్ దగ్గర నిలబడేవాడి కోసం లైను ఆపిన మనిషి, నా కోసం తన నోటితో తనే అబద్ధమాడారు. సిగ్గుతో చచ్చిపోవడం అంటారే, అది జరగదు. బతికే ఉంటాం. మంగళవారం వస్తుంది, తొమ్మిదో చాప్టర్ చెప్తాం.

తర్వాతి సెమిస్టర్లో ఆ కేసు మళ్లీ చెప్పాను. ఓటింగ్ మాత్రం మానేశాను. నా ధైర్యం అంతటితో సరి. ఆ పైఏడు పాతబడిందని నా కోర్సులోంచి తీసేశాను. వేరే ఊళ్లలో చెప్తూనే ఉన్నారు. సంకలనం కొత్త ముద్రణకి మార్పులేమైనా ఉన్నాయా అని పబ్లిషరు అడిగితే, లేవని రాశాను.

కాగితాలు 1986 జనవరిలో వచ్చాయి. హైదరాబాద్ నుంచి, రిజిస్టర్డ్ పోస్టులో. ఆ ఏడు గ్రీటింగ్ కార్డు రాలేదు. మూడు ఉత్తరాలు, రెండు టెలెక్సులు, వాటి మీద ఆ మూడు ప్లాస్టిక్ షీట్లు. వేరే ఉత్తరం లేదు. కవరు మీద నా పేరు, డిగ్రీలు, హోదా తప్పు లేకుండా ఇంగ్లీషులో టైపు చేసి ఉన్నాయి. మొదటి సెట్టు ఉన్న సొరుగులోనే పెట్టాను. ఇప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి.

కవరుకి గులాబీ రంగు కార్డొకటి అంటించి ఉంది. అందిందని సంతకం పెడితే అది పంపినవాళ్లకి తిరిగి వెళ్తుంది. పోస్ట్‌మన్ నిలబడి ఉండగా పెన్ను తీసి సంతకం పెట్టాను. కాగితాలు నా దగ్గరున్నాయని ఆయనకి నేను ఒప్పుకున్నది ఆ కార్డు మీదే.